రోడ్డు మీద కోపం: నడవడికా, రుగ్మతా?

క్లుప్తంగా: వాహనం నడుపుతూ ఎదుటివారి మీద విరుచుకుపడటాన్ని వైద్యశాస్త్రం దానికదే ఒక జబ్బుగా గుర్తించలేదు. ఎండ, ఆలస్యం, ఎదుటివారి ఉద్దేశాన్ని తప్పుగా ఊహించుకోవడం, పదిమందిలో చిన్నబోతామన్న భయం కలిసి పుట్టించే నడవడిక అది. అయితే ఇదే కోపం రోడ్డు మీదే కాక ఇంట్లోనూ పనిచోటా పదేపదే బద్దలయ్యే కొద్దిమందిలో, దాని అడుగున వైద్యులు గుర్తించిన రుగ్మత ఒకటి ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడం వల్లనే వాదనలన్నీ తికమకగా సాగుతున్నాయి.

మే నెల సాయంత్రం నాలుగున్నరకు కర్నూలులోని బళ్లారి చౌరస్తా లాంటి రద్దీ కూడలిలో వాహనాలు కదిలే క్షణాన్ని దగ్గరగా చూస్తే ఈ విషయమంతా అందులోనే కనిపిస్తుంది. ముందు వరుసలో మార్కెట్ యార్డులో ఉల్లి బస్తాలు దించి తిరిగి వెళ్తున్న ట్రాక్టర్ ఒకటి ఉంటుంది. దాని వెనుక మనుషులు కిక్కిరిసిన షేర్ ఆటో, పక్కన మొహానికి కండువా చుట్టుకుని, ముందు ఒక పిల్లను, వెనుక ఒక పిల్లను కూర్చోబెట్టుకున్న బైక్ మనిషి, ఆ వెనుక అద్దాలు ఎత్తిన కారు. ట్రాక్టర్ ఇంజన్ ఒక్కసారి దగ్గి ఆగుతుంది. రెండో సెకనుకే హారన్లు మొదలవుతాయి. సందులోంచి ముందుకు దూరబోయిన బైక్ హ్యాండిల్ కారు పక్కద్దానికి తగులుతుంది; అద్దం మడత పడుతుంది తప్ప గీత కూడా పడదు. "కండ్లు కనపడల్యాప్పా?" అని లోపలి నుంచి ఒక మాట, "నీకు కనపడల్యా?" అని బయటి నుంచి ఇంకో మాట, ఆ తర్వాత "ఎవరనుకుంటాండావ్?" అన్న మూడో మాట. కారు తలుపు తెరుచుకుంటుంది. అంతవరకు ట్రాఫిక్ సమస్యగా ఉన్నది అక్కడి నుంచి పరువు సమస్యగా మారుతుంది, మడత పడిన అద్దం సంగతి ఇద్దరూ మరచిపోతారు.

## పేరు ఎక్కడి నుంచి వచ్చింది

ఇప్పుడు తెలుగు పత్రికలు కూడా అలాగే వాడుతున్న "రోడ్ రేజ్" అన్న మాటను వైద్యులు పెట్టలేదు. 1980ల చివర్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ఫ్రీవేల మీద వాహనదారులు ఒకరిపై ఒకరు వరుసగా కాల్పులు జరుపుకున్న రోజుల్లో, అక్కడి టీవీ వార్తల నుంచి అది వాడుకలోకి వచ్చింది. వార్తల కోసం పుట్టిన మాట కావడంతో దానికి కచ్చితమైన హద్దులు లేవు. అనవసరంగా హారన్ మోగించడం, కట్ కొట్టి ముందుకు పోవడం, బండి ఆపి చొక్కా పట్టుకోవడం, కావాలని ఢీకొట్టడం, అన్నిటికీ అదే పేరు చెల్లిపోతోంది.

అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఇందులో ఒక గీత గీసింది. అతివేగం, ప్రమాదకరమైన ఓవర్‌టేక్ వంటి ట్రాఫిక్ ఉల్లంఘనలు కొన్ని కలిసి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే దాన్ని దూకుడు డ్రైవింగ్‌గా, వాహనంతోనో మరో ఆయుధంతోనో ఎదుటి మనిషి మీద దాడి చేస్తే దాన్ని రోడ్ రేజ్‌గా ఆ సంస్థ చూస్తుంది. మొదటిది ట్రాఫిక్ నేరం, రెండోది క్రిమినల్ నేరం. రుగ్మతా కాదా అన్న చర్చలో కూడా ఈ గీత పనికొస్తుంది, ఎందుకంటే మొదటి రకం పనులు చేసేవారిలో చాలామందికి కోపమే ఉండకపోవచ్చు, తొందర మాత్రమే ఉండవచ్చు.

మన దేశంలో ఈ కోపం ఎంతమంది ప్రాణాలు తీస్తోందో లెక్కల్లో విడిగా కనిపించదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారు. ఆ నివేదిక కారణాలను అతివేగం, మద్యం, రాంగ్ సైడ్, సిగ్నల్ దాటడం, సెల్‌ఫోన్ వాడకం అనే శీర్షికల కింద పంచుతుంది. కోపంతో వేగం పెంచి ఢీకొట్టినవాడు కూడా అతివేగం గడిలోకే వెళ్తాడు. ఆ వేగం వెనుక ఏముందో ఆ పట్టిక అడగదు.

## ఎదుటివారి ఉద్దేశం

కారణాలన్నిటిలో లోతైనది ఇదే. కాలినడకన వెళ్తూ ఇద్దరు ఢీకొంటే, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక చిరునవ్వుతోనో "చూసుకోలేదు సామీ" అన్న మాటతోనో అక్కడితో వదిలేస్తారు. వాహనం ఆ అవకాశాన్ని తీసేస్తుంది. రోడ్డు మీద ఒకరికి మరొకరు మనిషిగా కాక ఒక నంబర్ ప్లేటుగా, ఒక బంపర్‌గా, ఒక హెడ్‌లైట్‌గా కనిపిస్తారు. చెప్పుకోవడానికి ఉన్న భాష హారన్, లైటు, చేతి సైగ మాత్రమే. ఆ మూడింటిలో దేనితోనూ క్షమాపణ చెప్పడం కుదరదు.

మాట లేనిచోట మనసు ఊహతో ఖాళీ నింపుతుంది, ఆ ఊహ దాదాపు ఎప్పుడూ ఎదుటివారికి వ్యతిరేకంగానే ఉంటుంది. తాను ఇండికేటర్ వేయకుండా తిప్పితే "గుంత ఉంది, తప్పలేదు" అనుకునే మనిషే, ఎదుటివాడు అలా తిప్పితే "వీనికి కొవ్వెక్కింది" అనుకుంటాడు. ఎదుటివారి తప్పుకు పరిస్థితిని పట్టించుకోకుండా వారి గుణాన్నే కారణంగా చూపే ఈ పొరపాటుకు మనస్తత్వవేత్త లీ రాస్ 1977లో ఒక పేరు పెట్టి, మనిషి ఆలోచనలోని మౌలిక లోపంగా వివరించాడు. రోడ్డు మీద ఈ లోపం రోజుకు వంద సార్లు పనిచేస్తుంది. కోపానికి అసలు కట్టె "కావాలనే చేశాడు" అన్న నమ్మకం. ముందున్న కారులో ఆసుపత్రికి వెళ్తున్న గర్భిణి ఉందని తెలిసిన క్షణమే వెనుకవాడి కోపం చల్లారిపోవడం ఈ మాటకు రుజువు: ఆలస్యం అంతే ఉంది, అడ్డం అంతే ఉంది, మారినది అర్థం ఒక్కటే.

కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన జెర్రీ డెఫెన్‌బాకర్ బృందం 1994లో డ్రైవర్ల కోపాన్ని కొలవడానికి 33 సందర్భాలతో ఒక కొలమానం తయారు చేసింది. అవి ఆరు గుంపులుగా తేలాయి: ఎదుటివారి అవమానకర సైగలు, చట్టవిరుద్ధమైన డ్రైవింగ్, పోలీసుల ఉనికి, నెమ్మదిగా నడపడం, మర్యాద లేకపోవడం, దారికి అడ్డంకులు. ఇందులో సగం వాటికి ప్రమాదంతో సంబంధమే లేదు. నెమ్మదిగా వెళ్లేవాడు ఎవరి ప్రాణానికీ ముప్పు కాడు, అయినా కోపం తెప్పిస్తాడు. అంటే రోడ్డు మీద కోపం భయం నుంచి ఎంత పుడుతుందో, తన దారిని ఇంకొకరు ఆక్రమించారన్న భావన నుంచీ అంతే పుడుతుంది.

## ఎండ, ఆలస్యం, హారన్

అనుకున్నది జరగకుండా అడ్డుపడితే దాడి చేసే ప్రేరణ కలుగుతుందని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1939లోనే ప్రతిపాదించారు. లియోనార్డ్ బెర్కోవిట్జ్ 1989లో దాన్ని సవరించి, అడ్డంకి ఒక్కటే కాదు, నొప్పి, వేడి, దుర్వాసన వంటి ఏ అసౌకర్యమైనా మనసులో చిరాకు రేపి, ఆ చిరాకు దూకుడు వైపు నెట్టగలదని చెప్పాడు. వేసవిలో 42 డిగ్రీలు దాటడం మామూలైన కర్నూలు, అనంతపురం, కడపలకు ఈ సవరణ బాగా వర్తిస్తుంది.

వేడికీ హారన్‌కూ ఉన్న సంబంధాన్ని అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఉన్న ఎడారి నగరం ఫీనిక్స్‌లో కెన్రిక్, మెక్‌ఫార్లేన్ అనే ఇద్దరు పరిశోధకులు పరీక్షించి 1986లో ప్రచురించారు. పచ్చ లైటు పడ్డాక కూడా ఒక కారును కదలకుండా నిలిపి, వెనుకవారు ఎంత త్వరగా, ఎంతసేపు హారన్ కొడతారో లెక్కించారు. వేడి పెరిగిన కొద్దీ హారన్ పెరిగింది. కిటికీ అద్దాలు దించుకున్నవారిలో, అంటే ఏసీ లేని కార్లలో ఉన్నవారిలో, ఆ పెరుగుదల మరింత స్పష్టంగా కనిపించింది. ఇంజన్ వేడి కాళ్లకు కొడుతుండగా పది గంటలు నడిపే ఆటో డ్రైవర్‌నూ, ఏసీ కారులో అరగంట వెళ్లే ఉద్యోగినీ ఒకే ఓపిక చూపమని అడగడం ఎంతవరకు న్యాయమో ఈ ఫలితాన్ని బట్టి ఆలోచించవచ్చు.

అయితే ఆ అధ్యయనాన్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఫీనిక్స్‌లో హారన్ కొట్టడమంటే గద్దింపు. మన దగ్గర లారీల వెనుకే "హారన్ కొట్టండి" అని రాసి ఉంటుంది. వెనుక వస్తున్నానని, పక్కకు జరగమని, మలుపులో ఉన్నానని, నమస్కారమని కూడా హారన్‌తోనే చెబుతారు. కాబట్టి కర్నూలులో హారన్ల సంఖ్యను బట్టి కోపాన్ని కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇబ్బంది ఏమిటంటే, కొట్టినవాడు "వస్తున్నా" అన్న అర్థంలో కొట్టిన హారన్, వేడికీ ఆలస్యానికీ ఉడికిపోతున్న ముందువాడికి "తప్పుకో" అని వినిపిస్తుంది. ఒకే శబ్దానికి ఇన్ని అర్థాలు ఉండటమే ఇక్కడి రోడ్ల మీద చాలా తగాదాలకు మొదటి నిప్పురవ్వ.

నిద్రలేమి, ఆకలి, మద్యం ఈ మంటకు ఆజ్యం పోస్తాయి. మద్యం ముప్పును అంచనా వేసే శక్తినీ, మాటను ఆపుకునే శక్తినీ ఒకేసారి తగ్గిస్తుంది కనుక దాని ప్రభావం మిగతావాటికంటే ఎక్కువ.

## అత్త మీద కోపం దుత్త మీద

1968లో డూబ్, గ్రాస్ అనే పరిశోధకులు కాలిఫోర్నియాలో ఇలాంటి ప్రయోగమే చేశారు. సిగ్నల్ దగ్గర ఒకసారి ఖరీదైన కొత్త కారు, మరోసారి పాత డొక్కు కారు కదలకుండా నిలబెట్టారు. డొక్కు కారు వెనుక ఉన్నవారే త్వరగా హారన్ కొట్టారు. అడ్డం ఒకటే, ఆలస్యం ఒకటే. ఓపిక మాత్రం ఎదుటివారి హోదాను బట్టి మారింది.

ఈ సంగతి కర్నూలు రోడ్ల మీద ఏ ప్రయోగమూ లేకుండానే కనిపిస్తుంది. నాయకుల కాన్వాయ్ కోసం పావుగంట ఆపితే నోరు మెదపని జనం, సైకిల్ మీద గడ్డిమోపు తీసుకెళ్లే ముసలాయన అర నిమిషం అడ్డమైతే కసురుకుంటారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఆఫీసులో పడిన మాట, ఇంట్లో అప్పుల గొడవ వచ్చి ఆటోవాడి మీద పడతాయి. దీన్ని మనస్తత్వశాస్త్రం దారి మళ్లిన కోపం అంటుంది.

రుగ్మత ప్రశ్నకు ఇది నేరుగా సంబంధించిన అంశం. "ఆ క్షణంలో నాకు ఒళ్లు తెలియలేదు" అన్నది ఇలాంటి కేసుల్లో తరచు వినిపించే వివరణ. కానీ పోలీసు జీపును చూసి తగ్గి, కూరగాయల బండిని చూసి రెచ్చిపోయే కోపానికి ఒళ్లు తెలుస్తూనే ఉంది. ఎవరి మీద చూపవచ్చో ఎంచుకోగలుగుతున్నదంటే, అదుపు పూర్తిగా పోలేదనే అర్థం. ఇది ఒక్కటే రుగ్మత లేదని తేల్చే పరీక్ష కాకపోయినా, రోడ్డు మీద జరిగే కొట్లాటల్లో అధిక భాగాన్ని జబ్బు ఖాతాలో వేయకుండా ఆపడానికి చాలినంత బలమైన కారణం.

వాహనాన్ని సొంత ఇల్లులా భావించేవారిలో ఈ దూకుడు ఎక్కువని కొలరాడోలో స్జ్లెమ్కో బృందం 2008లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. కారుకు అతికించిన స్టిక్కర్లు, అలంకారాలు ఎన్ని ఎక్కువ ఉంటే యజమాని కోపంతో నడపడం అంత ఎక్కువగా కనిపించింది. ఆ స్టిక్కర్ మీద రాసినది శాంతి సందేశమైనా, గొడవకు పిలిచే మాటైనా తేడా రాలేదు. ఇంటిపేరు, ఊరి పేరు, కులం పేరు, పార్టీ గుర్తు, అభిమాన హీరో బొమ్మ, "ప్రెస్", "పోలీస్" అన్న అక్షరాలు బండి అద్దాల నిండా ఉండే మన చోట ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయలేం. అయినా దాని వెనుక ఉన్న పని తీరు మాత్రం అర్థమవుతుంది: బండి తన గుర్తింపుకు జెండాగా మారినప్పుడు, దానికి ఎవరైనా కట్ కొడితే అది తనకే జరిగిన అవమానంగా తోస్తుంది.

## ఊళ్లో ఒక తీరు, హైవే మీద ఒక తీరు

మొహం కనిపించకపోవడం దూకుడును పెంచుతుందని 1995లో ఎలిసన్ బృందం చూపింది. టాప్ తీసేసిన కార్లలో ఉన్నవారు ఆగి హారన్ కొడితే, టాప్ వేసుకుని మొహం కనిపించకుండా ఉన్నవారు త్వరగా, ఎక్కువగా కొట్టారు. ఈ లెక్కన మొహాలు తెరిచి ఉండే బైకులు, ఆటోలు ఎక్కువగా ఉన్న మన ఊళ్లలో కోపం తక్కువ ఉండాలి. సగం నిజమే అది. కర్నూలు పాతబస్తీ సందుల్లో గొడవ మొదలైన నిమిషంలోపే నలుగురు చేరతారు. "పోనీలే సామీ, చిన్నపిల్లోడు", "ఏమైందని అన్నా, పాండి పాండి" అంటూ ఇద్దరినీ చెరో వైపు తోసేస్తారు. ఇద్దరికీ తెలిసిన మనిషి ఒకరు ఎక్కడో తగులుతారు. పడమటి దేశాల అధ్యయనాల్లో అంతగా కనిపించని కట్టుబాటు ఇది.

మిగతా సగం అందుకు పూర్తిగా విరుద్ధం. ఆ నలుగురే ప్రేక్షకులు కూడా. పదిమంది చూస్తుండగా మాట పడి ఊరుకుంటే "చేతగానోడు" అన్న పేరు మిగులుతుందన్న భయం, ఒంటరిగా ఉంటే ఒక తిట్టుతో ఆగిపోయేదాన్ని చేతి దాకా తెస్తుంది. వెనుక సీటులో భార్యో స్నేహితుడో ఉంటే ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది. చేరిన జనం ఆర్పుతారా, ఎగదోస్తారా అన్నది మొదట నోరు తెరిచిన మనిషి ఎవరన్న దాని మీద ఆధారపడుతుంది.

కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఈ రెండూ ఉండవు. అక్కడ విడదీసే మనిషీ లేడు, చూసే మనిషీ లేడు. రాత్రి పూట హై బీమ్ తగ్గించకుండా వచ్చిన లారీ, కుడి లైన్ వదలకుండా నెమ్మదిగా వెళ్లే టిప్పర్, ఎడమ వైపు నుంచి దూసుకుపోయిన కారు పుట్టించే కోపం నోటికి పని చెప్పలేక యాక్సిలరేటర్‌లోకి దిగుతుంది. వెంటాడటం, ముందుకు వెళ్లి ఒక్కసారిగా బ్రేక్ వేయడం, పక్కకు నెట్టడం హైవే మీద జరిగే పనులు. ఊళ్లో దెబ్బలతో పోయేది అక్కడ ప్రాణాలతో పోతుంది.

ఇక్కడి కొట్లాటలకు "సీమ పౌరుషం" కారణమని తేలిగ్గా చెప్పేస్తుంటారు. అది వివరణ కాదు. రోడ్ రేజ్ అన్న మాట లాస్ ఏంజెలెస్‌లో పుట్టింది, దేశమంతా చర్చించిన సిద్ధూ కేసు పంజాబ్‌లోని పటియాలాలో జరిగింది, ప్రయోగాలు కాలిఫోర్నియాలోనూ అరిజోనాలోనూ చేశారు. వాటిలో దేనికీ రాయలసీమ రక్తంతో సంబంధం లేదు. ప్రాంతానికి ముద్ర వేయడం వల్ల జరిగే నష్టం ఏమిటంటే, సరిచేయగల కారణాలైన కూడలి రూపకల్పన, నీడ లేని సిగ్నళ్లు, డ్రైవర్ల పని గంటల వంటివి చూపు నుంచి తప్పుకుంటాయి.

## ఒంట్లో జరిగేది

ముప్పు ఎదురైందని మెదడులోని అమిగ్డాలా అనే చిన్న భాగం గుర్తించగానే అడ్రినలిన్ విడుదలై, గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చూపు ఒక్కచోట నిలుస్తుంది. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఆ తొందరను తూచి, పగ్గం వేస్తుంది. మొదటిది రెప్పపాటులో జరుగుతుంది, రెండోదానికి కొంత వ్యవధి కావాలి. నడిచే మనిషికి ఆ వ్యవధి దొరుకుతుంది, 80 కిలోమీటర్ల వేగంలో ఉన్నవాడికి దొరకదు.

పైగా ఒంట్లో లేచిన ఉద్రేకం వెంటనే దిగదు. ఒక సంఘటనలో మిగిలిన ఉద్రేకం తర్వాతి సంఘటనకు వచ్చి కలుస్తుందని డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో వివరించాడు. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర కట్ కొట్టించుకున్న మనిషి, మూడు కూడళ్లు దాటాక చిన్న విషయానికి మరొకరి మీద పేలిపోవడానికి కారణం ఇదే. తిట్టేస్తే చల్లబడుతుందన్న నమ్మకం కూడా నిలవదు. కోపం తెప్పించిన మనిషిని తలచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవారిలో కోపం తగ్గకపోగా పెరిగిందని బ్రాడ్ బుష్‌మన్ 2002లో చూపాడు.

## రుగ్మతల పుస్తకంలో ఏముంది

ప్రపంచమంతా మానసిక రుగ్మతలను రెండు పుస్తకాల ఆధారంగా నిర్ధారిస్తారు. ఒకటి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వెలువరించే డీఎస్ఎం, రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ. రెండింటిలోనూ రోడ్ రేజ్ అన్న పేరుతో ఏ రుగ్మతా లేదు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, ఒకరికి మానసిక అనారోగ్యం ఉందా లేదా అన్నది ఐసీడీ తాజా ప్రతి సహా ఆమోదిత వైద్య ప్రమాణాల ప్రకారమే తేల్చాలని చెబుతోంది. కాబట్టి ఇక్కడ కూడా జవాబు అదే.

తికమక వచ్చేది ఇంకో పేరుతో. 1980లో వచ్చిన డీఎస్ఎం మూడో ప్రతిలో ఇంటర్మిటెంట్ ఎక్స్‌ప్లోజివ్ డిజార్డర్ అన్న రుగ్మత చేరింది. తెలుగులో చెప్పాలంటే ఉండి ఉండి కోపం బద్దలయ్యే రుగ్మత. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ పదకొండో ప్రతిలోనూ అది ఉంది. 2013 నాటి డీఎస్ఎం ఐదో ప్రతి దానికి పెట్టిన కొలతలు కచ్చితమైనవి. నోటి దురుసుగానో, ఎవరికీ గాయం, ఆస్తినష్టం కలగని దాడిగానో అయితే సగటున వారానికి రెండుసార్ల చొప్పున మూడు నెలల పాటు జరగాలి. గాయమో ధ్వంసమో జరిగే స్థాయిలో అయితే పన్నెండు నెలల్లో మూడుసార్లు జరగాలి. కోపం కారణానికి ఏమాత్రం పొంతన లేనంత పెద్దదై ఉండాలి. ముందే పథకం వేసుకున్నది, ఏదో లాభం కోసం చేసినది కాకూడదు. దాని వల్ల ఆ మనిషికి బాధ, ఉద్యోగంలోనో సంబంధాల్లోనో దెబ్బ, లేదా చట్టపరమైన, ఆర్థికమైన చిక్కులు కలిగి ఉండాలి. మద్యం, మత్తుమందులు, తలకు గాయం, బైపోలార్ వంటి మరో రుగ్మత దాన్ని వివరించగలిగితే ఈ పేరు పెట్టకూడదు.

2006లో రొనాల్డ్ కెస్లర్ బృందం అమెరికాలో 9,282 మంది పెద్దలను పరిశీలించి, వారిలో 7.3 శాతం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ రుగ్మత ఉన్నట్టు తేల్చింది. చాలామందిలో అది కౌమారంలోనే మొదలైంది. ఆ ఫలితం వార్తల్లోకి రాగానే రోడ్డు మీద కోపానికి వైద్యులు జబ్బు పేరు పెట్టారన్న అర్థంలో శీర్షికలు వచ్చాయి. పరిశోధకులు చెప్పింది ఆ రుగ్మత ఉన్నవారిలో కొందరి కోపం రోడ్డు మీద కూడా బయటపడవచ్చన్న మాట. శీర్షికలు దాన్ని తిరగేసి, రోడ్డు మీద కోపపడేవారందరికీ రుగ్మత అంటగట్టాయి. జ్వరం వచ్చినవారందరికీ మలేరియా అనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

ఆ రెండు వలయాలు ఎంతమేర కలుస్తాయో చెప్పే చిన్న ఆధారం ఒకటి ఉంది. దూకుడుగా నడిపినందుకు కోర్టు పంపినవారినీ, తమంతట తామే చికిత్సకు వచ్చినవారినీ తారా గలోవ్‌స్కీ, ఎడ్వర్డ్ బ్లాంచర్డ్ తదితరులు పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, సుమారు మూడో వంతు మందికి ఈ రుగ్మత కొలతలు సరిపోయాయి. పాల్గొన్నవారు కొద్దిమందే. పైగా వారు అప్పటికే కోర్టు దాకానో క్లినిక్ దాకానో వచ్చిన తీవ్రమైన కేసులు. అంత తీవ్రమైన వారిలోనే మూడింట రెండు వంతుల మందికి ఈ రుగ్మత లేదన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. రోజూ సిగ్నల్ దగ్గర కసురుకునే సాధారణ జనంలో ఆ వంతు ఇంకా చాలా తక్కువ ఉంటుందని అనుకోవడం సబబే.

## చట్టం చూసే తీరు

భారతీయ చట్టంలోనూ రోడ్ రేజ్ పేరుతో ప్రత్యేక నేరం లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు సెక్షన్ 281, దారి అడ్డగించి నిలిపితే సెక్షన్ 126, కొడితే సెక్షన్ 115, తీవ్రంగా గాయపరిస్తే సెక్షన్ 117 వర్తిస్తాయి. ప్రాణం పోతే సందర్భాన్ని బట్టి నిర్లక్ష్యం వల్ల మరణం నుంచి హత్య వరకు వెళ్లవచ్చు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 184 ప్రమాదకర డ్రైవింగ్‌ను విడిగా శిక్షిస్తుంది.

మతిస్థిమితం లేదన్న రక్షణ సంహితలోని సెక్షన్ 22లో ఉంది కానీ దాని గడప చాలా ఎత్తు. చేస్తున్న పని ఏమిటో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో మనిషి ఉండాలి. కోపం ఆపుకోలేకపోవడం వేరు, ఏం చేస్తున్నాడో తెలియకపోవడం వేరు. అందువల్ల కోపం బద్దలయ్యే రుగ్మత నిజంగానే ఉన్నవారికి కూడా ఆ ఒక్క కారణంతో ఈ రక్షణ దొరకడం కష్టం.

క్రికెటర్, రాజకీయ నాయకుడు నవజోత్ సింగ్ సిద్ధూ కేసు దేశంలో ఈ విషయమై ఎక్కువగా చర్చకు వచ్చినది. 1988 డిసెంబరు 27న పటియాలాలో రోడ్డు మీద తగాదాలో దెబ్బ తిన్న 65 ఏళ్ల వ్యక్తి చనిపోయాడు. 1999లో కింది కోర్టు సిద్ధూను నిర్దోషిగా వదిలేసింది, 2006లో హైకోర్టు మూడేళ్ల శిక్ష వేసింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని వెయ్యి రూపాయల జరిమానాకు తగ్గించింది, 2022 మేలో పునఃసమీక్షలో ఏడాది జైలుగా మార్చింది. బాక్సరో, మల్లయోధుడో, క్రికెటరో, మంచి దేహదారుఢ్యం ఉన్న మనిషో కొడితే చెయ్యే ఆయుధం కాగలదని ఆ తీర్పులో కోర్టు అన్నది. 33 ఏళ్ల ఆ విచారణలో ప్రశ్న ఎప్పుడూ దెబ్బ గురించీ, బాధ్యత గురించే నడిచింది. కోపం జబ్బా అన్నది కోర్టుకు అవసరం పడలేదు.

## చికిత్స ఎవరికి, ఎలా

రుగ్మత కాదన్నంత మాత్రాన సాయం అక్కర్లేదని కాదు. ఎక్కువగా కోపపడే డ్రైవర్లకు ఒళ్లు సడలించే పద్ధతులు, ఆలోచన తీరును మార్చే శిక్షణ ఇస్తే కోపం తగ్గుతుందని డెఫెన్‌బాకర్ అధ్యయనాలు చూపాయి. ఆ శిక్షణలో ముఖ్యమైన భాగం, "కావాలనే చేశాడు" అన్న మొదటి ఊహను పట్టుకుని, ఇంకో వివరణ ఏదైనా ఉందా అని తనను తాను అడగడం. ఆర్టీసీ, లారీ, పాఠశాల బస్సుల డ్రైవర్లకు ఇచ్చే శిక్షణలో దీన్ని చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

రుగ్మత ఉన్నవారి విషయంలో ఇదే శిక్షణతో పాటు మందులు కూడా ఉపయోగపడవచ్చు. ఎమిల్ కొకారో బృందం 2009లో ప్రచురించిన పరీక్షలో, కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్ ఇలాంటివారిలో ఆవేశపూరిత దూకుడును ఉత్తుత్తి మాత్ర కంటే బాగా తగ్గించింది, అయితే అందరిలోనూ పూర్తిగా ఆపలేదు. కర్నూలు సర్వజన ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రుల మానసిక వైద్య విభాగాల్లో పరీక్ష చేయించుకోవచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నిజమైన రుగ్మతను పట్టుకునే మెళకువ రోడ్డుకు బయట ఉంటుంది. రోడ్డు మీద మాత్రమే, అదీ తనకంటే చిన్న బండి కనిపించినప్పుడు మాత్రమే కోపం వచ్చే మనిషి వేరు. పళ్లెం విసిరి, తలుపు గుద్ది, సెల్‌ఫోన్ నేలకేసి కొట్టి, గంట తర్వాత తానే సిగ్గుపడి తల దించుకుని కూర్చుని, మళ్లీ రెండు రోజులకు అదే పని చేసే మనిషి వేరు. అందుకే రోడ్డు కొట్లాట గురించి వచ్చినవారితో మానసిక వైద్యుడు ఆ కొట్లాట దగ్గర ఎక్కువసేపు ఆగడు. ఇంట్లో వస్తువులు ఏమైనా పగిలాయా, ఎన్నిసార్లు, పిల్లలు బండి చప్పుడు వినగానే గదిలోకి వెళ్లిపోతారా అని, వెంట వచ్చిన భార్యనో తల్లినో అడుగుతాడు.